ముసలి హెరాల్డ్‌కి మేకప్ ఎంత వెయ్యాలి?

పాతకాలం కథతో తీసిన ఏ సినిమా అయినా తీసుకోండి. హీరోగారు తెల్ల పంచె కట్టుకుని మద్రాసు వీధిలో నడిచొస్తూంటారు. రోడ్డు పక్కన వరసగా కార్లు. ఈసారి హీరోని కాసేపు వదిలేసి ఆ కార్లను చూడండి. ప్రతి ఒక్కటీ తళతళా మెరుస్తూంటుంది! బంపర్లో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. చక్రానికి మట్టి లేదు, తలుపుకి గీత లేదు, సీటుకి చిరుగు లేదు. ఊరు ఊరంతా ఆ రోజు పొద్దున్నే షోరూముకి పోయి కార్లు కొనుక్కొచ్చినట్టు!

ఆ రోజుల్లో రోడ్లు నిజంగా అలాగే ఉండేవా? మీ ఇంట్లో తాతయ్యగారుంటే అడిగి చూడండి, నవ్వుతారు. అప్పట్లో కారు కొనడమంటే పెళ్ళి చేసినంత పని. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. చేతికొచ్చిన కారుని ఇరవై ఏళ్ళు వాడాలి. దుమ్ము, సొట్ట, అతుకు లేని కారు ఊళ్ళో ఏదీ అంటే, కొత్తగా దిగిన ఒకటో రెండో.

మరి తెరమీద కార్లు ఎందుకలా మెరుస్తాయి? ఆర్ట్ డైరెక్టర్ని తిట్టకండి, పాపం. ఆయనకి దొరికేవి అవే. పాతకార్లు దాచుకున్నవాళ్ళలో చాలామంది వాటిని ఊడదీసి, గీకి, కొత్త రంగు కొట్టించి, కొత్త సీట్లు కుట్టించి, ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజున కూడా లేనంత సోకు చేయిస్తారు. దీనికి ఆ రంగంలో ఓ పేరుంది... ఓవర్ రెస్టొరేషన్. అంటే, బాగుచెయ్యబోయి మరీ బాగుచేసెయ్యడం!

'మరీ బాగుచెయ్యడం తప్పెలా అవుతుందండీ?' అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఆ అనుమానం తీర్చుకోవడానికే మద్రాసు రైలెక్కాను. (చెన్నై అనాలి. కానీ మన సినిమావాళ్ళ నోట్లో అది ఇప్పటికీ మద్రాసే కదా!)

వడపళనిలో దిగితే...

సెంట్రల్‌లో రైలు దిగి మెట్రో ఎక్కితే నేరుగా వడపళని. ఒకప్పుడు ఆంధ్రదేశం నుంచి సినిమా పిచ్చితో బయల్దేరిన ప్రతి కుర్రాడూ చేరిన చోటు ఇదే. విజయా-వాహినీ స్టూడియోలు ఇక్కడే ఉండేవి. 'మాయాబజార్' ఘటోత్కచుడు గద తిప్పిందీ, 'మిస్సమ్మ' మూతి ముడుచుకుందీ ఇక్కడే. ఇప్పుడు ఆ స్థలంలో విజయా ఆస్పత్రీ, ఓ పెద్ద షాపింగు మాలూ ఉన్నాయి. ఫ్లోర్లు పోయాయి, పేరు మిగిలింది.

దగ్గర్లోనే ఏవీఎం. అక్కడ 2023 మే నెలలో ఓ మ్యూజియం తెరిచారు. పాత కార్లూ, బైకులూ, షూటింగు సామగ్రీ అన్నీ వరసగా పేర్చి పెట్టారు. కార్లంటే ఇష్టం ఉన్నవాళ్ళకి తప్పక చూడదగ్గ చోటు. కానీ నేను వెతుక్కుంటూ వెళ్ళిన కారు మ్యూజియంలో లేదు. సాలిగ్రామంలో ఓ ఇంటి పక్కన, రేకుల షెడ్డు కింద, కొబ్బరి మట్టల పక్కన ఉంది.

స్టాండర్డ్ హెరాల్డ్, 1969 మోడల్, నాలుగు తలుపులు. ఒకప్పుడు లేత నీలం. ఇప్పుడు ఏ రంగో చెప్పాలంటే ఆకాశాన్ని ఉతికి ఆరేసినట్టుంది. వెనక ఎడమ తలుపు మాత్రం వేరే నీలం, కాస్త ముదురు. డిక్కీ మీద ఓ సొట్ట.

యజమానురాలు రిటైరైన టీచరు. అరవై దాటాయి. మా అమ్మ వైపు ఊరివాళ్ళు కాబట్టి నేను పిన్నిగారూ అంటాను. ఈ కారు వాళ్ళ నాన్నగారిది. ఆయన తెనాలి పక్కనించి మద్రాసు వచ్చి, తెలుగు సినిమాలకి ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశారు. తెరమీద పేరు ఓ మూల చిన్నక్షరాల్లో పడుతుందే, ఆ బాపతు మనిషి. కాల్షీట్ల దగ్గర్నించి కాఫీ ఫ్లాస్కుల దాకా అన్నీ ఆయన నెత్తిమీదే. సెకండ్ హ్యాండులో కొన్న ఈ హెరాల్డే ఆయన ఆఫీసు. పొద్దున ఆర్టిస్టుని ఇంటి దగ్గర ఎక్కించుకోవడం, మధ్యాహ్నం క్యారియర్లు, రాత్రి ఎక్స్‌పోజ్ చేసిన రీళ్ళ డబ్బాలు ల్యాబుకి!

"డిక్కీ తీసి చూడు బాబూ" అన్నారు పిన్నిగారు.

చూశాను. డిక్కీ నేల మీద గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కిన తుప్పు గుర్తులు. వర్షంలో తడిసిన ఫిల్మ్ డబ్బాలు పెట్టిన చోట అలా పడ్డాయట. ఏ సినిమావో, ఎవరి సినిమావో చెప్పడానికి ఇప్పుడెవరూ లేరు.

అబ్బాయి లెక్క, అమ్మ లెక్క

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. పిన్నిగారి అబ్బాయికి పాతికేళ్ళు. తెలివైనవాడు, సినిమా పిచ్చివాడు. కారుని కొత్తగా తయారుచేయించి పెళ్ళిళ్ళకీ షూటింగులకీ అద్దెకిస్తే నాలుగు డబ్బులు వస్తాయని వాడి ఆలోచన. ఓ పెద్ద వర్క్‌షాపుకి వెళ్ళి అంచనా కూడా వేయించుకొచ్చాడు.

"అన్నా, వాళ్ళు బాడీ మొత్తం ఊడదీసి రేకు కనబడేదాకా గీకేస్తామన్నారు. మెటాలిక్ ఎరుపు కొట్టి పైన క్లియర్ కోటు వేస్తారట. అలాయ్ వీల్స్, ఏసీ, పవర్ విండోలు... కారు చూస్తే జనం ఆగిపోతారు!"

"ఆగిపోతారు సరే, చూసి ఎవరి కారంటారూ?" అన్నారు పిన్నిగారు లోపల్నించి.

నిజం చెప్పొద్దూ... ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అబ్బాయిది డబ్బు లెక్క. కారు ఊరికే నిలబడి తుప్పు తింటూంటే, మద్రాసు ఉప్పుగాలికి ఇంకో అయిదేళ్ళలో పాతసామాను వాడికి తూకానికి అమ్ముకోవాల్సిందే. అమ్మది మనసు లెక్క. ఆ సీట్లో వాళ్ళ నాన్న కూర్చున్నారు. స్టీరింగు మీద ఆయన బొటనవేలు ఆనే చోట నలుపు అరిగి నున్నగా మెరుస్తుంది. కొత్త స్టీరింగు వస్తే ఆ మెరుపు చెత్తబుట్టలోకి పోతుంది.

ఆవిడకి ఇష్టమైనట్టు అలాగే ఉంచేస్తే? అదీ కుదరదు. కారు కదలదు, బ్రేకు లేదు, చాసిస్ తుప్పు తింటోంది. ముట్టుకోకుండా ఉంచితే చచ్చిపోతుంది, మరీ ముట్టుకుంటే వేరే కారైపోతుంది. ఆ రెండిటి మధ్య గీత ఎక్కడ గియ్యాలి?

'మాయాబజార్' చెప్పే పాఠం

మనం సినిమావాళ్ళం కాబట్టి సినిమా లెక్కలోనే చూద్దాం. 1957లో వచ్చిన 'మాయాబజార్' బ్లాక్ అండ్ వైట్. 2010లో దానికి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. జనం బాగానే చూశారు. కొందరు మాత్రం పడవ పాటలో మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెలకి రంగు అవసరమా అని గొణిగారు. ఎవరి రుచి వారిది. కానీ ఒక్క సంగతి గమనించండి. రంగులు వేసింది కాపీకి. కె.వి. రెడ్డిగారు తీసిన నలుపు తెలుపు బొమ్మ ఎక్కడికీ పోలేదు. అది కావాలన్నవాళ్ళు ఈ రోజూ చూడొచ్చు.

కారుకి కాపీ లేదు! గీకేసిన రంగు గీకేసినట్టే. పారేసిన సీటు పారేసినట్టే. 1969లో ఫ్యాక్టరీలో ఎవరో కార్మికుడు కొట్టిన రంగుని ఈ రోజు ఎంత డబ్బిచ్చినా మళ్ళీ కొట్టించలేం.

ఇంకో పోలిక. పాత సినిమాలను ఇప్పుడు 4కె చేసి వదుల్తున్నారు కదా. మంచివాళ్ళ చేతిలో పడితే గీతలూ మరకలూ పోతాయి, ఫిల్ముకి సహజంగా ఉండే గరుకు మిగుల్తుంది. అత్యుత్సాహం ఉన్నవాళ్ళ చేతిలో పడితే ఆ గరుకుని కూడా తుడిచేస్తారు. అప్పుడు హీరోయిన్ ముఖం మైనపు బొమ్మలా ఉంటుంది, మీరు చూసే ఉంటారు. కారు మీద క్లియర్ కోటు సరిగ్గా ఆ పనే చేస్తుంది. ఆ రోజుల్లో కార్లకి తడిసినట్టు మెరిసే పైపూత ఉండేది కాదు. ఇప్పటి మెరుపు తెచ్చి అప్పటి కారు మీద పూస్తే, ఎనభై ఏళ్ళ బామ్మగారికి హీరోయిన్ మేకప్ వేసినట్టే.

ప్రపంచం మొత్తంమీద పాత వాహనాల సంఘాలకి ఫివా అనే పెద్ద సంస్థ ఉంది. 1966లో పుట్టింది. వాళ్ళు 2012లో టూరిన్ చార్టర్ అని ఓ నియమావళి రాసుకున్నారు. పాత కట్టడాలను ఎలా కాపాడాలో చెప్పే 1964 నాటి వెనిస్ చార్టర్ దానికి మాదిరి. దాని సారం మన భాషలో చెప్పాలంటే ఇంతే. ముందు ఉన్నదాన్ని కాపాడండి. తప్పనిసరైనంతే బాగుచెయ్యండి. కొత్తగా ఏం పెట్టినా తర్వాత తీసేసే వీలుండాలి. ఏం చేశారో రాసి ఉంచండి.

గుడి గోపురానికి ఏ న్యాయమో పాత కారుకీ అదే న్యాయం అన్నమాట.

హెరాల్డ్ కథ కాస్త వినండి

హెరాల్డ్ పుట్టింది ఇంగ్లండులో, 1959లో. ట్రయంఫ్ హెరాల్డ్ దాని పేరు. రూపం దిద్దినవాడు ఇటలీవాడు, జొవాని మికెలొట్టి. మనదేశంలో 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మద్రాసులోనే తయారైంది. తాంబరం దాటాక, జీఎస్టీ రోడ్డు మీద వండలూరు దగ్గర ఫ్యాక్టరీ. ఇంజను 948 సీసీ. అంబాసిడర్ పెద్దమనిషి కారు, ఫియట్ ఉద్యోగస్తుడి కారు అనుకుంటే, హెరాల్డ్ కాస్త షోకిలారాయుడి కారు! మొదట రెండు తలుపులే ఉండేవి. మనవాళ్ళకి ఇంటిల్లిపాదీ ఎక్కాలి కదా, అందుకని నాలుగు తలుపులు పెట్టారు. ఈ నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లండులో కూడా లేదు. అచ్చంగా మద్రాసు బిడ్డ.

దీని తమాషాలు రెండు. ఒకటి, బానెట్ పైకి లేచేది కాదు. ముందు మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం ముసలి పులి నోరు తెరిచినట్టు ముందుకి వాలుతుంది. టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. రెండు, చక్రాలు ఎంతగా తిరుగుతాయంటే పాతిక అడుగుల జాగాలో కారు మొత్తం గిర్రున తిప్పేయొచ్చు. కోడంబాకం సందుల్లో ప్రొడక్షన్ మేనేజరుకి అంతకన్నా ఏం కావాలి!

బాడీ కూడా ఒక ముద్ద కాదు. వేరే చాసిస్ మీద ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించినది. పాడైన ముక్కని మాత్రం విప్పి బాగుచేసి మళ్ళీ బిగించొచ్చు. అంటే, మొత్తం గీకనక్కర్లేకుండా బాగుచేసుకోవడానికి ఈ కారు పుట్టుకతోనే ఒప్పుకున్నట్టే!

మేస్త్రి తీర్పు

పిన్నిగారు వెతికి పట్టుకున్న రెండో షెడ్డు అశోక్‌నగర్ వెనక సందులో ఉంది. బోర్డు లేదు. మేస్త్రికి డెబ్భై ఏళ్ళుంటాయి. తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు. కారు కింద దూరి, టార్చి వేసి, చిన్న స్క్రూడ్రైవరుతో చాసిస్‌ని పొడుచుకుంటూ పోయాడు. గంటసేపు మాట లేదు. లేచి చేతులు తుడుచుకుని మూడు వేళ్ళు చూపించాడు.

"అమ్మా, మూడు లెక్కలు. ప్రాణం తీసేవి మార్చాలి. తినేసేవి ఆపాలి. ముసలితనం మాత్రం వదిలెయ్యాలి."

ప్రాణం తీసేవి ఏమిటి? మొదటిది బ్రేకులు. మాస్టర్ సిలిండర్లో రబ్బరు కప్పులు, చక్రాల దగ్గర రబ్బరు గొట్టాలు. అవి పైకి బాగానే కనిపిస్తాయి, లోపల పగిలి ఉంటాయి. రెండోది టైర్లు. గుండీలు అరక్కపోయినా వయసొస్తే రబ్బరు గట్టిపడి పగులుతుంది. మూడోది వైరింగు. తొక్క ఊడిన తీగ ఒక్కటి చాలు, కారు హారతి కర్పూరమైపోవడానికి. నాలుగోది పెట్రోలు గొట్టాలు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆనాటి రబ్బరు దానికి తట్టుకోదు, మెత్తబడి కారుతుంది. ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వెయ్యాల్సిందే.

అయిదోది హెరాల్డ్‌కే ప్రత్యేకం. ముందు చక్రాలను మోసే నిలువు కడ్డీ, కింద ఓ ఇత్తడి బుడిపెలో మరలా తిరుగుతూ ఉంటుంది. ట్రనియన్ అంటారు. దానికి గేర్ ఆయిల్ పొయ్యాలి. చాలామంది మెకానిక్కులు గ్రీజు కొడతారు. గ్రీజు గడ్డకట్టి, కింద నీళ్ళు చేరి, మర తుప్పు పట్టి, ఓ శుభముహూర్తాన మలుపులో కడ్డీ పుటుక్కుమంటుంది. చక్రం కారు కిందకి మడుచుకుపోతుంది!

"ఇక్కడ సెంటిమెంటు లేదు తంబీ" అన్నాడు మేస్త్రి, అబ్బాయితో. "తాతగారు పోసిన బ్రేక్ ఆయిలని దాచుకోకూడదు."

రెండో లెక్క తుప్పు. రంగు మీద పైపైన ఎర్రగా కనిపించేది వేరు, రేకుని తిని పొరలు పొరలుగా ఊడదీసేది వేరు. స్క్రూడ్రైవరు దిగబడితే కోసేసి కొత్త రేకు అతకాలి. దిగబడకపోతే బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పుని గట్టిపరిచే ఆసిడ్ మందు పూసి, గాలి తగలకుండా మూసెయ్యాలి. కొందరు తుప్పు మీదే నల్ల తారు పూత కొట్టేస్తారు. పైకి బాగుంటుంది. లోపల చెమ్మ చిక్కుకుని రేకుని తింటూనే ఉంటుంది. పుట్టీ కూడా అంతే. సొట్ట మీద పల్చగా పూస్తే మందు, కన్నం మీద మెత్తితే మోసం.

మూడో లెక్క, వదిలెయ్యాల్సినవి. వెలిసిన రంగు, గీతలు, అరిగిన స్టీరింగు, రెక్సిన్ మీద ముడతలు.

"బంపరు క్రోమియం చేయిద్దామా?" అన్నాడు అబ్బాయి ఆశగా.

మేస్త్రి లోపలికెళ్ళి వంటింట్లో వాడే అల్యూమినియం కాగితం తెచ్చాడు. ఉండచుట్టి, నీళ్ళలో ముంచి, బంపరు మీద నెమ్మదిగా రుద్దాడు. మచ్చలు చాలా వరకు పోయాయి. చిన్న చిన్న గుంటలు మిగిలాయి. మళ్ళీ పూత వెయ్యాలంటే పాతది ఊడదీసి, రేకుని బఫింగు చేసి, రాగి, నికెలు, క్రోమియం వరసగా ఎక్కించాలి. బఫింగు ఎక్కువైతే అంచులు మొద్దుబారిపోతాయి. మికెలొట్టి గీసిన గీత పోయి, పట్టరు చేతి గీత మిగుల్తుంది.

"ఈ గుంటలుంటే కారు నడవదా తంబీ?" అని అడిగాడు. అబ్బాయి నవ్వేశాడు. పెద్ద వర్క్‌షాపు అడిగినదాంట్లో మూడోవంతు కూడా కాలేదు మేస్త్రి చెప్పిన మొత్తం. ఆ నవ్వులో దానికీ కొంత వాటా ఉందనుకుంటాను.

పుదుపేటలో వేట

సామాన్ల కోసం పుదుపేట వెళ్ళాం. ఎగ్మూరుకి దగ్గర్లో, కూవం నది ఒడ్డున ఉంది ఈ పేట. 2006లో సెల్వరాఘవన్ ధనుష్‌తో 'పుదుప్పేట్టై' తీశాడు. మన 'ఆడవారి మాటలకు అర్థాలే వేరులే' దర్శకుడే. సినిమాలో కత్తులు తిరుగుతాయి గానీ, నేను చూసిన పుదుపేటలో తిరిగేవి స్పానర్లు. సందు సందంతా కార్ల కసాయి దుకాణం! ఒక కొట్లో తలుపులే, ఒక కొట్లో గేర్‌బాక్సులే, ఇంకో కొట్లో హెడ్‌లైట్లే, గుడ్లు మిటకరించి చూస్తూ.

ఇక్కడ మేస్త్రి బేరం చూసి తీరాలి. కొత్తగా చేసిన అచ్చు కాపీ డోర్ హ్యాండిలు చూపించాడు కొట్టువాడు, తళతళలాడుతూ. మేస్త్రి పక్కకి తోసేశాడు. గోనెసంచిలో చెయ్యిపెట్టి, మసిబారిన పాత హ్యాండిలు ఒకటి లాగాడు. బరువు చూశాడు. "ఇది ఇవ్వు" అన్నాడు. కొట్టువాడు ధర రెట్టింపు చెప్పాడు! పాతదానికి విలువ తెలిసిన ఊరు మరి.

బ్రేకు కప్పులూ గొట్టాలూ మాత్రం పాతవి ముట్టుకోలేదు. సీలు విప్పని కొత్తవే కొన్నాడు. మూడు లెక్కలూ ఆయన బుర్రలో ఎంత స్పష్టంగా ఉన్నాయో అప్పుడు తెలిసింది.

అక్కణ్ణించి జనరల్ ప్యాటర్స్ రోడ్డు. మౌంట్ రోడ్డుకి ఆనుకుని, కారు సోకుల సామాన్లన్నీ దొరికే వీధి. సీటు కవర్ల కొట్లలో పులిచారల నుంచి నెమలికంఠం దాకా అన్నీ ఉన్నాయి. మేస్త్రి కొన్నది గజం సాదా రెక్సినూ, దారమూ. ముందు సీటు ఓ కుట్టు దగ్గర చిరిగింది. లోపలివైపు నుంచి ముక్క పెట్టి, పాత కన్నాల్లోంచే సూది పోనిచ్చి కుట్టించాడు.

సర్కారువారి మాట

ఇంతలో అబ్బాయి ఓ కొత్త సంగతి పట్టుకొచ్చాడు. కేంద్ర ప్రభుత్వం 2021లో పాత వాహనాలకు ప్రత్యేకం నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటినుంచి యాభై ఏళ్ళు దాటిన కార్లూ, మోటారు సైకిళ్ళూ 'వింటేజ్' కింద నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదైతే నంబరులో 'విఎ' అనే అక్షరాలుంటాయి. ఇదివరకే నమోదైన బండి పాత నంబరు అట్టే పెట్టుకోవచ్చు. కొత్త నమోదుకి ఫీజు ఇరవై వేలు, గడువు పదేళ్ళు.

షరతులు రెండు. చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు చెయ్యకూడదు. అంటే, అబ్బాయి ముచ్చట పడినట్టు కోసి మార్చిన కారు వింటేజ్ అనిపించుకోవడం కష్టం. రెండో షరతు వాడికి ఇంకా చేదు. ఆ కారుని రోజూ తిప్పుకోవడానికి గానీ, వ్యాపారానికి గానీ వాడకూడదు. ప్రదర్శనలూ, ర్యాలీలూ, రిపేర్లూ, పెట్రోలు పోయించుకోవడం వరకే.

"అయితే అద్దె డబ్బులు రావన్నమాట" అన్నాడు అబ్బాయి, ముఖం వేలాడేసుకుని.

పిన్నిగారు ఏమీ అనలేదు. ఈ చిక్కు ఇంకా విడలేదు. మామూలు రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ పోవడమా, వింటేజ్ కింద మార్చుకోవడమా అని తల్లీ కొడుకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఒక్కటి మాత్రం తేలింది. కారుని కొయ్యకూడదు. కొయ్యకపోతే రెండు దారులూ తెరిచే ఉంటాయి. కోసేస్తే ఒకటి మూసుకుపోతుంది.

ఆ ఒక్క తలుపు

నాలుగు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళాను. చూడగానే పెద్ద తేడా కనబడలేదు. అదే గొప్ప! పెయింటరు కనబడని మూల మొదట పరీక్షించి, పల్చటి కాంపౌండుతో చేత్తోనే మురికి తీశాడట. మెషీను పెట్టి తిప్పితే అంచుల దగ్గర రంగు ముందుగా లేచిపోతుందని భయం. పైన మైనం. ఆకాశం అదే ఆకాశం, మబ్బు మాత్రం విడిపోయింది.

డిక్కీ తెరిచాను. డబ్బాల గుర్తులు అలాగే ఉన్నాయి. తుప్పు ఆగేలా మందు పూసి, పైన మైనం పట్టించారు. డిక్కీ మీద సొట్ట కూడా అక్కడే ఉంది.

కానీ ఆ ముదురు నీలం తలుపు... మారిపోయింది! మిగతా కారుతో కలిసిపోయింది.

"ఇదేమిటి పిన్నిగారూ, పాతది వదిలెయ్యాలన్నారుగా?"

"ఆ తలుపు నాన్నకి ఇష్టం లేదు బాబూ. ఎవరో గుద్దేస్తే, షెడ్డువాడు రంగు కలపడం తెలీక అలా చేశాడు. ఎదిరింటివాడి తలుపు తెచ్చి పెట్టారేం అని జనం అడిగేవారు. బతికున్నన్నాళ్ళూ మార్పిస్తానంటూనే ఉన్నారు."

మేస్త్రికి ఇది నచ్చలేదట. అదీ కారు చరిత్రే కదా అన్నాడట. పిన్నిగారు వినలేదు. ఆఖరికి మధ్యే మార్గం కుదిరింది. 1969 నాటి అసలు నీలం కొడితే ఆ తలుపొక్కటే కొత్తపెళ్ళికూతురిలా ఉంటుంది. అందుకని పక్క తలుపు ఇప్పుడు ఎలా వెలిసిందో దానికి సరిపోయేలా రంగులో కాస్త బూడిద, కాస్త పసుపు కలిపి, క్లియర్ కోటు లేకుండా కొట్టారు. లోపలి అంచున మాత్రం వేలెడంత జాగా ముదురు నీలం అలాగే వదిలారు. తలుపు తీస్తే కనబడుతుంది. దాని పక్కనే ఏం చేశారో, ఎప్పుడు చేశారో రాసిన చిన్న కాగితం అతికించి ఉంది. టూరిన్ చార్టర్ పేరు మేస్త్రి ఎప్పుడూ వినలేదు!

ఆవేళ కారు వండలూరు దాకా వెళ్ళింది. మేస్త్రి స్టీరింగు పట్టాడు, పక్కన అబ్బాయి, వెనక పిన్నిగారూ నేనూ. బ్యాటరీ దగ్గర కొత్తగా ఓ కట్-ఆఫ్ స్విచ్చు పెట్టారు. కావాలంటే రెండు స్క్రూలు తిప్పి తీసేయొచ్చు. సీటు కింద మంటలార్పే సిలిండరు. కొత్తవి అంతే. తాంబరం దాటాక లారీల మధ్య ముసలాయన హాయిగానే నడిచాడు. మలుపుల్లో మాత్రం మేస్త్రి నెమ్మదించేవాడు. వెనక చక్రాల అమరిక అలాంటిది, జోరుగా తిప్పితే లోపలికి ముడుచుకుంటాయి.

స్టాండర్డ్ ఫ్యాక్టరీ మూతబడి దశాబ్దాలైంది. కంపెనీ తర్వాత గజెల్ అనీ, 1985లో స్టాండర్డ్ 2000 అనీ తెచ్చింది. ఆ దశాబ్దం చివర్లో ఆగిపోయింది. ఇప్పుడా రోడ్డు మీద జూకి వెళ్ళే బస్సులూ, అపార్టుమెంటు బోర్డులూ ఉన్నాయి. మేస్త్రి కారుని పక్కన ఆపి, ఇంజను ఆపకుండా కిటికీలోంచి చెయ్యి చూపించాడు. "ఇక్కడే అమ్మా, దీని పుట్టిల్లు." ఫ్యాక్టరీ పోయింది, కట్టినవాళ్ళు పోయారు, నడిపినాయన పోయారు. వాళ్ళందరి చేతి గుర్తులూ ఒకే చోట ఉన్నది ఈ రేకు మీదే. అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి, "అమ్మా, ఆ ఎరుపు బాగుండేది కాదులే" అన్నాడు.

మీ ఇంట్లో కూడా ఉందా?

పాఠకుల్లో ఎవరింట్లోనైనా తాతగారి ఫియటో, నాన్నగారి అంబాసిడరో, మామయ్య యెజ్డీయో గోనెపట్టా కింద ఉంటే, షెడ్డుకి తోలేముందు ఈ పనులు చెయ్యండి.

ముందు ఫొటోలు తియ్యండి. లోపల, బయట, కింద, ప్రతి గీతా, ప్రతి సొట్టా. కాగితం మీద మూడు గళ్ళు గీసి, ప్రాణం తీసేవి, తినేసేవి, ముసలితనం అని రాసుకోండి. బ్రేకులూ, టైర్లూ, తీగలూ, గొట్టాలూ మొదటి గడిలోకి పోవాలి. అక్కడ పిసినారితనం పనికిరాదు. ఊడదీసిన ఏ వస్తువునీ పారెయ్యనివ్వకండి, సంచిలో వేసి చీటీ కట్టి ఇంటికి తెచ్చుకోండి. మూడో గడిలో రాసినవాటి జోలికి ఓ ఏడాది వెళ్ళకండి. ఏడాది తర్వాత కూడా అది కంటికి నొప్పిగానే ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. రంగు ఎప్పుడైనా కొట్టించుకోవచ్చు, కొట్టించాక వెనక్కి రాలేం.

అన్నట్టు, 1958లో పాత కారే హీరోగా రెండు సినిమాలు వచ్చాయి, తెలుసా? కిశోర్ కుమార్ అన్నదమ్ముల 'చల్తీ కా నామ్ గాడీ', ఋత్విక్ ఘటక్ బెంగాలీ సినిమా 'అజాంత్రిక్'. ఒకటి నవ్విస్తుంది, ఇంకోటి గుండె పిండుతుంది. రెండిట్లోనూ కారు డొక్కుదే. వాటికి మెటాలిక్ ఎరుపు కొట్టి, అలాయ్ వీల్స్ తగిలించి ఒక్కసారి ఊహించుకోండి... కథ ఉంటుందా?